నాక్ సెన్సర్ కోడ్ పడితే ముందు వైరు చూడండి, సెన్సర్ తర్వాత

మీటర్ బోర్డులో పసుపు ఇంజన్ లైటు వెలిగింది. స్కానర్ పెడితే పీ0325, పీ0326, పీ0327, పీ0328ల్లో ఏదో ఒకటి వచ్చింది. షెడ్డులో వెంటనే వినిపించే మాట: "నాక్ సెన్సర్ పోయింది, మార్చేద్దాం." మారుస్తారు, కోడ్ చెరిపేస్తారు. రెండు వారాలకు అదే లైటు మళ్లీ వెలుగుతుంది.

నాక్ సెన్సర్ అంటే ఇంజన్ అదురును వినే చెవి. దాని లోపల కదిలేదీ అరిగేదీ ఏమీ ఉండదు. ఒక పింగాణీ బిళ్ల, దాన్ని అదిమి పట్టే చిన్న బరువు, బయటికి వచ్చే ఒకటో రెండో పిన్నులు. అది దానంతటది చావడం కంటే కప్లర్‌లోకి (వైరును సెన్సర్‌కు కలిపే ప్లాస్టిక్ జోడు) నీళ్లు దిగడం, ఎలక వైరు కొరకడం, బోల్టు సరిగా బిగియకపోవడం చాలా ఎక్కువగా జరుగుతాయి. కోడ్ పేరులోనే 'సర్క్యూట్' అని ఉంది. సర్క్యూట్ అంటే సెన్సర్, కప్లర్, వైరు, షీల్డు (వైరు చుట్టూ ఉండే లోహపు జడ), ఎర్త్, ఈసీఎం (ఇంజన్ కంప్యూటర్) అన్నీ కలిపి. ఒక డిజిటల్ మల్టీమీటరు, ఒక స్కానర్, అరగంట ఓపిక ఉంటే తప్పు ఎక్కడుందో సెన్సర్ కొనకముందే తేలిపోతుంది.

అది చేసే పని

పెట్రోల్ ఇంజన్లో ప్లగ్గు నిప్పు పెట్టాక మంట ఒక వరుసలో పాకాలి. మిగిలిన మిశ్రమం ఆ మంట చేరకముందే వేడికీ ఒత్తిడికీ దానంతటదే భగ్గుమంటే అది నాకింగ్. బయటికి రేకు డబ్బాలో కందిపప్పు వేసి ఆడించినట్టు వినిపిస్తుంది. ఆ పేలుడుకు సిలిండర్ లోపలి వాయువు ఒక నిర్ణీత ఫ్రీక్వెన్సీలో మోగుతుంది. బోరు ఎంత పెద్దదైతే ఫ్రీక్వెన్సీ అంత తక్కువ. 73 మిల్లీమీటర్ల బోరుకు సుమారు 7.8 కిలోహెర్ట్జ్, 86 మిల్లీమీటర్ల బోరుకు సుమారు 6.7 కిలోహెర్ట్జ్ వస్తుంది. ఆ అదురు బ్లాకులోంచి సెన్సర్‌కు చేరుతుంది, పింగాణీ బిళ్ల నలిగి చిన్న వోల్టేజీ పుట్టిస్తుంది. ఈసీఎం దాన్ని చూసి స్పార్కును కొన్ని డిగ్రీలు వెనక్కి జరుపుతుంది, నాకింగ్ ఆగాక మెల్లగా ముందుకు తెస్తుంది.

సర్క్యూట్ మీద నమ్మకం పోతే ఈసీఎంకు ఇంజన్ మాట వినిపించదు. చెవుడు వచ్చినవాడు జాగ్రత్త పడ్డట్టు, నాకింగ్ ఉన్నా లేకపోయినా టైమింగును బాగా వెనక్కి లాగి ఉంచుతుంది. పికప్ తగ్గడం, మైలేజీ పడిపోవడం, ఏసీ వేసుకుని బంజారాహిల్స్ ఎత్తు రోడ్లు ఎక్కేటప్పుడు బండి బరువెక్కినట్టు ఉండటం అందుకే. బండి ఆగిపోదు కాబట్టి నెలల తరబడి అలాగే నడిపేవాళ్లున్నారు. అది ఖర్చే: రోజూ కొంత పెట్రోలు ఊరికే మండుతుంది.

బ్యాటరీ టెర్మినల్ పీకకండి

లైటు ఆర్పడానికి బ్యాటరీ మైనస్ తీసి పది నిమిషాలు ఆగే అలవాటు మన దగ్గర బాగా ఉంది. అలా చేస్తే చాలా బండ్లలో కోడ్‌తో పాటు ఫ్రీజ్ ఫ్రేమ్ కూడా పోతుంది. కోడ్ పడిన క్షణంలో ఆర్‌పీఎం ఎంత, ఇంజన్ వేడి ఎంత, లోడు ఎంత అని దాచిపెట్టిన చీటీ అది. ముందు దాన్ని ఫోన్లో ఫోటో తీసుకోండి. స్టార్ట్ చేయగానే, చల్లటి ఇంజన్ మీద పడిన కోడ్ అయితే కరెంటు సంబంధమైన తప్పు అనుకోవచ్చు. 3000 ఆర్‌పీఎం దగ్గర, బాగా లోడు మీద పడితే బోల్టు వదులు, నిజమైన నాకింగ్, ఇంజన్లో వేరే చప్పుడు, ఈ మూడింటి వైపు చూడాలి.

కోడ్లలో పీ0325 అంటే సర్క్యూట్‌లో ఏదో తేడా ఉందని మాత్రమే. పీ0326 అంటే సిగ్నల్ వస్తోంది గానీ ఉండాల్సినట్టు లేదు. పీ0327 సిగ్నల్ మరీ తక్కువ, పీ0328 మరీ ఎక్కువ. వీ6 ఇంజన్లో రెండో బ్యాంకు (రెండో వైపు సిలిండర్ల వరస) సెన్సర్‌కు పీ0330, పీ0332, పీ0333 వస్తాయి.

ముందు కళ్లతో

నాలుగు సిలిండర్ల ఇంజన్లో సెన్సర్ సాధారణంగా బ్లాకు పక్కన, రెండో, మూడో సిలిండర్ల మధ్య, చాలాసార్లు ఇన్‌టేక్ మానిఫోల్డ్ కింద ఉంటుంది. చేయి పట్టదు, చూపు అందదు. ఫోన్ కెమెరా ఆన్ చేసి టార్చితో సందులోకి దించి వీడియో తీయండి.

హైదరాబాద్ బండ్లలో రెండు విషయాలు తప్పకుండా చూడాలి. మొదటిది ఎలక. అపార్ట్‌మెంట్ సెల్లార్లో రాత్రంతా నిలిపిన బండికి ఇంజన్ వెచ్చదనం వల్ల ఎలకలు చేరతాయి. ఇంజన్ కింది కవరు మీద, బ్యాటరీ ట్రే పక్కన నల్లటి రెట్టలు, గింజల పొట్టు, చిరిగిన దూది కనిపిస్తే హార్నెస్ (వైర్ల కట్ట) మొత్తం చేత్తో తడుముతూ చూడండి. కొరికిన చోట ప్లాస్టిక్ మీద చిన్న ఉలితో చెక్కినట్టు జంట గాట్లు ఉంటాయి. తీగ తెగకపోయినా పై తొడుగు పోతే చాలు, షీల్డు లోపలి తీగకు తగిలి సిగ్నల్ చచ్చిపోతుంది.

రెండోది నీళ్లు. వాటర్ వాష్‌లో ఇంజన్ మీదికి ప్రెషర్ గన్ పెట్టించిన రెండు మూడు రోజుల్లోనో, వానలకు సెల్లార్లో నీళ్లు నిలిచాకో లైటు వచ్చిందంటే అనుమానం కప్లర్ మీదే. లాక్ నొక్కి కప్లర్ విప్పండి, వైరు పట్టుకుని లాగకండి. లోపల రబ్బరు సీలు ఉందా, పిన్నుల మీద పచ్చటి చిలుము ఉందా చూడండి. పిన్ను మొదట్లో ఆవగింజంత పచ్చటి పొడి ఉన్నా అది తేమను పట్టి ఉంచి కరెంటు లీక్ చేస్తుంది. కాంటాక్ట్ క్లీనర్ కొట్టి, ఆరనిచ్చి, మెత్తటి బ్రష్‌తో తుడవండి. గరుకు కాగితంతో రుద్దితే పిన్ను మీది పూత పోయి ఇంకో ఏడాదికి అదే తంతు.

ఏ రకం సెన్సరో తెలుసుకోకుండా మీటరు పెట్టకండి

రెండు రకాలున్నాయి. ఒకటి బ్లాకులోకి స్క్రూలా తిప్పి బిగించే రెజొనెంట్ రకం. చాలావాటికి ఒకే వైరు, ఎర్త్ దాని ఒంటి నుంచే బ్లాకులోకి పోతుంది. రెండోది మధ్యలో చిల్లు ఉన్న బిళ్ల రకం, చిల్లులోంచి బోల్టు దిగుతుంది, రెండు వైర్లుంటాయి. ఇప్పటి బండ్లలో ఎక్కువగా ఉన్నది ఇదే.

చాలామంది తప్పు చేసేది ఇక్కడ. బిళ్ల రకానికి ఓమ్స్‌లో మీటరు పెడతారు, 'ఓఎల్' (కొలవలేనంత ఎక్కువ) అని వస్తుంది, సెన్సర్ ఓపెన్ అయిందని, అంటే లోపల తెగిందని, తీసి పారేస్తారు. పింగాణీ బిళ్ల అంటే ఒక కెపాసిటర్. లోపల రెసిస్టర్ కలపని సెన్సర్లో మెగా ఓమ్‌కు పైన చూపించడమే ఆరోగ్యం. అలాంటిదానికి మీటరును కెపాసిటెన్స్‌లో పెట్టండి. బాష్ కంపెనీ బిళ్ల రకంలో సుమారు 1150 పీకోఫారడ్లు, రెండు వందలు అటూ ఇటూ, అంటే ఒక నానోఫారడ్ పైచిలుకు వస్తుంది. దాదాపు సున్నా చూపిస్తే లోపల తెగింది. ఓమ్స్‌లో కొన్ని వందలో వేలో చూపిస్తే లోపల షార్ట్ లేదా తేమ.

టయోటా పెట్రోల్ ఇంజన్లలో చాలావాటికి లోపలే రెసిస్టర్ ఉంటుంది. 20 డిగ్రీల దగ్గర 120 నుంచి 280 కిలో ఓమ్‌ల మధ్య చూపించాలి. అక్కడ 'ఓఎల్' వస్తే నిజంగానే ఓపెన్. ఒకే రీడింగ్ ఒక సెన్సర్‌కు మంచిది, ఇంకోదానికి చావు. అందుకే మీ ఇంజన్ సర్వీస్ మాన్యువల్‌లో అంకె చూసుకోవాల్సిందే. ఇంజన్ చల్లారాకే కొలవండి.

కొలిచేటప్పుడు ప్రోబు మొనల లోహాన్ని వేళ్లతో పట్టుకోకండి. మామూలు కొలతల్లో దీంతో ఇబ్బంది లేదు. కానీ ఇక్కడ కొలుస్తున్నది వందల కిలో ఓమ్‌లు, ఎండాకాలం చెమట చేతుల గుండా కూడా కరెంటుకు అలాంటి దారే దొరుకుతుంది. మంచి సెన్సర్ లీక్ అయినట్టు, తెగిన సెన్సర్ బాగున్నట్టు కనిపిస్తుంది. క్రొకడైల్ క్లిప్పులు తగిలించి చేతులు తీసేయండి.

ట్యాప్ టెస్టు కూడా ఉంది. సెన్సర్‌కు రెండు ప్రోబులు తగిలించి, పక్కన బ్లాకు మీద చిన్న పానాతో నెమ్మదిగా తడితే వోల్టేజీ రావాలి. తట్టాల్సింది బ్లాకును, సెన్సర్‌ను కాదు. పాకెట్ ఆసిలోస్కోప్ ఉంటే డివిజన్‌కు 200 మిల్లీవోల్టులు, 1 మిల్లీసెకండు పెట్టండి. ప్రతి దెబ్బకూ ఒక్కసారిగా లేచి మెల్లగా అణిగే అల కనిపిస్తుంది. మామూలు మల్టీమీటరు ఏసీ మిల్లీవోల్టుల్లో అంకె కదిలితే మంచిదే. కదలకపోతే మాత్రం సెన్సర్ పోయిందని తీర్పు చెప్పకండి. చవక మీటర్లు కొన్ని వందల హెర్ట్జ్‌కు మించి సరిగా చూడవు, సెన్సర్ ఇచ్చే సిగ్నల్ కిలోహెర్ట్జ్‌లలో ఉంటుంది.

ఇంజన్ ఆన్‌లో పెట్టి బ్లాకు తడుతూ స్కానర్లో టైమింగ్ వెనక్కి పోతుందా అని చూసే పాత పద్ధతి ఇప్పటి బండ్లలో నమ్మదగింది కాదు. ప్రతి సిలిండర్‌కూ మంట అంటుకున్న తర్వాత కొద్ది డిగ్రీల కిటికీలో మాత్రమే ఈసీఎం వింటుంది. మీ దెబ్బ ఆ కిటికీ బయట పడితే పట్టించుకోదు.

వైరు వైపు

అసలు పని ఇక్కడుంది. సెన్సర్ కప్లర్ విప్పి, తాళం ఆన్ చేసి, ఇంజన్ స్టార్ట్ చేయకుండా, ఈసీఎం వైపు నుంచి వచ్చే కప్లర్లో రెండు పిన్నుల మధ్య డీసీ వోల్టులు కొలవండి. టయోటా తరహా సర్క్యూట్లలో 4.5 నుంచి 5.5 వోల్టులు రావాలి. ఈసీఎం లోపల 5 వోల్టులను సుమారు 200 కిలో ఓమ్‌ల రెసిస్టర్ గుండా పంపుతుంది. సెన్సర్ లోపల కూడా దాదాపు అంతే రెసిస్టర్ ఉంది కాబట్టి, కప్లర్ కలిపితే వోల్టేజీ సగమై 2.5 దగ్గర నిలుస్తుంది. నాక్ సిగ్నల్ ఆ 2.5 మీద ఎక్కి దిగుతుంది.

ఈ లెక్క పట్టుకుంటే కోడ్ దానంతటదే అర్థమవుతుంది. వైరు తెగితే వోల్టేజీ 5కు ఎగబాకుతుంది, 4.5 దాటాక పీ0328. షార్ట్ అయితే సున్నాకు పడిపోతుంది, 0.5 కిందికి పోతే పీ0327. మరి కప్లర్లో తడి? చిలుము, తేమ కలిసి 20 కిలో ఓమ్‌ల లీకు పెట్టాయనుకోండి. సెన్సర్ 200, లీకు 20 పక్కపక్కన కలిస్తే సుమారు 18 కిలో ఓమ్‌లు. 5 వోల్టులు 200కూ 18కీ పంచుకుంటే మిగిలేది 0.4 వోల్టు. అంతే, పీ0327. సెన్సర్ నిక్షేపంగా ఉంది, వైరు తెగలేదు, అయినా కోడ్ పడింది. వాన రోజు వచ్చి ఎండ కాయగానే పోయే లైటుకు కారణం ఇదే.

ఇలాంటి బండికి చక్కటి పరీక్ష ఒకటుంది. పీ0327 ఉన్న బండిలో సెన్సర్ కప్లర్ విప్పేసి, కోడ్ చెరిపి, స్టార్ట్ చేయండి. ఈసారి పీ0328 పడితే వైరూ ఈసీఎమ్మూ బాగున్నట్టే, తప్పు సెన్సర్లోనో కప్లర్లో సెన్సర్ వైపు సగంలోనో ఉంది. విప్పినా పీ0327 మొండికేస్తే వైరు ఎక్కడో షార్ట్. పీ0328 ఉన్న బండికి తిరగేసి చేయండి. కోఠీ గుజరాతీ గల్లీలో 100 కిలో ఓమ్‌ల రెసిస్టర్లు రెండు కొని, వరసగా అతికించి, సెన్సర్ బదులు హార్నెస్ కప్లర్ పిన్నుల మధ్య పెట్టండి. 2.5 వోల్టుల దగ్గర నిలిచి కోడ్ రాకపోతే సెన్సర్ ఓపెన్. అయినా పీ0328 వస్తే వైరు తెగింది.

పాత ముల్లు మీటరు ఇక్కడ వాడకండి. వోల్టుకు 20 కిలో ఓమ్‌ల మీటరును 10 వోల్టుల రేంజిలో పెడితే అదే 200 కిలో ఓమ్‌ల లోడు, బాగున్న సర్క్యూట్‌లో కూడా 2.5 చూపిస్తుంది. టెస్ట్ ల్యాంపు అసలే వెలగదు.

అన్ని కంపెనీలూ ఇలా 5 వోల్టులు పంపవు. రెసిస్టర్ లేని బిళ్ల రకం సెన్సర్లున్న బండ్లలో ఈ అంకెలు వేరుగా ఉంటాయి, కొన్నింట్లో ఏమీ రాకపోవచ్చు. అంతమాత్రాన ఈసీఎం పోయిందనుకోకూడదు. అక్కడ వైరు కంటిన్యూటీ (తెగకుండా ఉందా అన్న కొలత) ఒక్కటే నమ్మకమైన దారి. బ్యాటరీ మైనస్ తీసి, ఈసీఎం కప్లర్, సెన్సర్ కప్లర్ రెండూ విప్పి, ఇటు పిన్ను నుంచి అటు పిన్నుకు కొలవండి: ప్రతి వైరూ 1 ఓమ్ లోపు ఉండాలి. రెండు వైర్ల మధ్య, వైరుకూ బాడీకీ మధ్య, వైరుకూ షీల్డుకూ మధ్య 'ఓఎల్' రావాలి. మీటరును అలాగే తగిలించి ఉంచి, హార్నెస్‌ను అడుగడుగునా వంచి, మెలిపెట్టి చూడండి. అంకె ఎగిరిన చోటే తప్పు. ఆడ పిన్నులోకి లావు ప్రోబు మొన గుచ్చితే అది వెడల్పై, లేని లూజు కాంటాక్టు కొత్తగా పుడుతుంది. వెనక నుంచి సన్నటి గుండుసూది దించి దానికి క్లిప్పు తగిలించండి.

షీల్డు సంగతి

సిగ్నల్ మిల్లీవోల్టుల్లో ఉంటుంది, పక్కనే ఇగ్నిషన్ కాయిల్, ఆల్టర్నేటర్ లాంటివి కరెంటు రొద చేస్తుంటాయి. అందుకే వైరు చుట్టూ జడలా అల్లిన షీల్డు ఉంటుంది, సాధారణంగా అది ఈసీఎం వైపు ఒక్క చివరే ఎర్త్ అవుతుంది. వైరు అతికేటప్పుడు రెండు తీగలు మెలేసి టేపు చుట్టి, షీల్డును గాలికి వదిలేస్తే రొద లోపలికి దూరుతుంది. మేలు చేస్తున్నామనుకుని షీల్డును సెన్సర్ దగ్గర కూడా బాడీకి కలిపితే ఎర్త్ లూప్ ఏర్పడి రొద మరింత పెరుగుతుంది. సరైన పద్ధతి ఒకటే: లోపలి తీగలు విడివిడిగా సోల్డర్ చేసి, ఒక్కోదానికీ హీట్ ష్రింక్ తొడిగి, షీల్డు జడను కూడా అటూ ఇటూ కలిపి సోల్డర్ చేసి, పైన ఇంకో హీట్ ష్రింక్. ముక్క వేయాల్సి వస్తే స్టీరియో మైకు కేబుల్ పనికిరాదు, బ్లాకు వేడికి దాని తొడుగు మెత్తబడిపోతుంది. కనీసం 105 డిగ్రీలు తట్టే షీల్డెడ్ వైరు తీసుకోండి. సీఎన్జీ కిట్టు బిగించిన బండ్లలో కిట్టు వైర్లను నాక్ సెన్సర్ హార్నెస్‌తో కలిపి ఒకే టైతో కట్టేసి ఉంటారు. వాటిని విడదీయండి.

బోల్టు

పీ0326కు మొదట చూడాల్సింది ఇదే. ఎమ్8 బోల్టుతో బిగించే బాష్ బిళ్ల రకానికి 20 న్యూటన్ మీటర్లు, 5 అటూ ఇటూ. తక్కువైతే బ్లాకు అదురు సెన్సర్‌కు ఎక్కదు, మరీ ఎక్కువైతే పింగాణీ పగలొచ్చు. చేతి అంచనాతో కాకుండా టార్క్ రెంచ్‌తోనే బిగించండి. వాషర్ వేయకూడదు, స్ప్రింగ్ వాషర్ అసలే వద్దు, సెన్సర్ కింద గ్యాస్కెట్ పేస్టు పూయకూడదు. సెన్సర్ ముఖం బ్లాకు లోహానికి నేరుగా ఆనాలి, మధ్యలో తుప్పు, పెయింటు, ఆయిల్ మడ్డి ఉంటే ఆ మేరకు చెవి మూసుకున్నట్టే. ఒక వైరు రకానికి థ్రెడ్ల మీద టెఫ్లాన్ టేపు చుడితే ఎర్త్ దారే పోతుంది. తీసేముందు కప్లర్ ఏ వైపు తిరిగి ఉందో ఫోటో తీసుకుని, అదే కోణంలో పెట్టండి. సిమెంటు గచ్చు మీద పడిపోయిన సెన్సర్‌ను బాగానే కనిపిస్తోందని వాడకండి.

కొత్తది కొనాల్సే వస్తే రాణిగంజ్‌లో పాతదాని మీది పార్ట్ నంబర్ చూపించి అడగండి. చిల్లు సరిపోయింది, కప్లర్ ఎక్కింది అన్నది చాలదు. రెజొనెంట్ రకం ఆ ఇంజన్ ఫ్రీక్వెన్సీకే గట్టిగా మోగేలా తయారవుతుంది, వేరే ఇంజన్‌ది పెడితే సిగ్నల్ బలహీనమై మళ్లీ పీ0326 వస్తుంది.

అన్నీ బాగున్నా కోడ్ వస్తే

సెన్సర్ నిజమే చెబుతుండొచ్చు. పిస్టన్ మీద కార్బన్, తప్పు హీట్ రేంజ్ ప్లగ్గులు, తగ్గిన కూలెంట్, ఇంజెక్టర్లు మూసుకుపోయి లీన్‌గా (పెట్రోలు తక్కువై) నడవడం, ఇవన్నీ అసలు నాకింగ్ తెస్తాయి. ఏసీ బ్రాకెట్ బోల్టు వదులైనా, టైమింగ్ చైన్ టెన్షనర్ అరిగినా ఆ టకటకను ఈసీఎం నాకింగ్ అనుకుంటుంది.  ట్యాంకు దాదాపు ఖాళీ అయ్యాక ఒకసారి, మీరు మామూలుగా పోయించేదాని కంటే ఎక్కువ ఆక్టేన్ (నాకింగ్‌ను తట్టుకునే గుణం) ఉన్న పెట్రోలు పోయించి నడపండి. టైమింగ్ ముందుకు జరిగి పికప్ తేరుకుంటే సర్క్యూట్ పని చేస్తున్నట్టే, వెతకాల్సింది ఇంజన్ లోపల. నాక్ సెన్సర్‌కు ఎన్నిసార్లు డబ్బు పెట్టినా అది మానదు.

ఈసీఎంను అనుమానించడం అన్నిటికంటే చివర. దాని కప్లర్ పిన్నుల దగ్గరే కొలతలు సరిగా వచ్చి, తెలిసిన మంచి సెన్సర్‌తో కూడా కోడ్ పడితేనే.

పని అయ్యాక కోడ్ చెరిపి బండిని పూర్తిగా వేడెక్కనివ్వండి. ఐడిల్‌లో లైటు రాలేదని సంబరపడొద్దు, చాలా ఈసీఎంలు వేడి ఇంజన్ మీద, కొంత ఆర్‌పీఎం, కొంత లోడు ఉంటేనే ఈ సర్క్యూట్‌ను పూర్తిగా పరీక్షిస్తాయి. పొద్దున్నే ట్రాఫిక్ లేనప్పుడు ఎత్తున్న రోడ్డు చూసుకుని, మూడో గేరులో 2000 నుంచి 3500 ఆర్‌పీఎం వరకు నిదానంగా లాగండి. పక్క సీట్లో ఇంకొకరు స్కానర్లో టైమింగ్ అడ్వాన్స్ చూడాలి, నడిపేవాళ్లు ఫోన్ వైపు చూడకూడదు. ఇలా మూడు నాలుగుసార్లు, మధ్యలో ఇంజన్ చల్లారనిచ్చి చేశాక పెండింగ్ కోడ్లు చూడండి. లైటు వెలగకముందే అక్కడ కోడ్ కనిపిస్తుంది. వానాకాలంలో పని చేశారా, ఇంకొకటి మిగిలింది: తాళం ఆన్‌లో ఉంచి, మీటరును వెనక నుంచి తగిలించి, కప్లర్ మీద స్ప్రే బాటిల్‌తో నీళ్ల తుంపర కొట్టండి. టయోటా తరహా సర్క్యూట్‌లో 2.5 దగ్గర ఉన్న అంకె కిందికి జారితే సీలు ఇంకా కారుతోంది. కప్లర్ షెల్ మార్చండి.